సెల్‌ఫోనునకు విరామవేళ



భాగ్యనగరమునకు పడమట, గండిపేట చెరువునకు సమీపమున పుప్పాలగూడ యను నూరు గలదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచెను. అట్టి యాపద మరల రాకుండుటకై తలపెట్టిన గండిపేట యానకట్ట 1920లో పూర్తియయ్యెను. నాడు పుప్పాలగూడ పొలములును రాతిగుట్టలును గల పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు కొలువులు ఆ ప్రాంతమంతయు వ్యాపించెను. నేడు పుప్పాలగూడ ఎత్తైన మేడలతో నిండియున్నది. ఆ మేడలలో మీ బిడ్డలును కాపురముండవచ్చును. పండుగకు వచ్చిన కుమారుడు విస్తరి ముందు గూర్చుండియు సెల్‌ఫోనునే చూచుచుండుట మీరెరుగని సంగతి కాదు. వానిని మందలించుటకు ముందు, ఈ స్థితి యెట్లు వచ్చెనో విచారింతము.

మన దేశమున మొదటి తంతి మార్గము 1850లో కలకత్తాకును డైమండు హార్బరునకును నడుమ ఏర్పడెను. తంతి వేగముగ బోవును గాని, మాటలు లెక్కించి రుసుము గట్టవలెను గనుక, అగత్యమైన సంగతియే అందు బోయెడిది. ఉత్తరమునకు బదులు వచ్చుటకు దినములు పట్టెడివి. దూరపు టెలిఫోనునకు ట్రంకు కాలు వ్రాయించి గంటలకొలది కాచుకొనెడివారు. రేడియో సయితము రాత్రి ప్రసారము ముగించెడిది. ఇట్లు ప్రతి సాధనమునకును ఒక తలుపుండెను. వెలయో, దూరమో, గడియారమో దానిని మూయుచుండెను. మన పూర్వులు నిగ్రహవంతులగుటచేతనే విశ్రాంతి బొందిరనుట సరికాదు. సాధనమే వారికి విశ్రాంతి నిచ్చినది.

1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపరు న్యూయార్కు వీథిలో నిలిచి, చేతబట్టుకొనెడి ఫోనుతో మాటలాడెను. మన దేశమున 1995 జూలై 31న బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్రమంత్రి సుఖరామునకు సెల్‌ఫోను చేసెను. ఆ దినములలో పిలిచినవారేగాక పిలుపు నందుకొన్నవారును రుసుము చెల్లింపవలసి యుండెను. 2003లో ఆ రెండవ రుసుము తొలగెను. 2016లో జియో సేవ లారంభమైన పిదప అంతర్జాలపు వెలయు మిక్కిలి దిగెను. దీనివలన గలిగిన మేలు చిన్నది కాదు. 2005లో ఆంధ్రప్రదేశమున మొదలైన 108 వాహనము ఒక్క పిలుపునకు ఇంటి ముంగిటికి వచ్చుచున్నది. కాని వెల దిగెను, దూరము చెరగెను, గడియారపు కట్టు తెగెను. మూయుటకు తలుపే లేకపోయెను.

కావున ఆ తలుపును మనమే కట్టుకొనవలయును. ఏకాదశినాడు ఉపవసించువాడు అన్నమును ద్వేషింపడు. రంజాను నెలలో పగలు నీరు ముట్టనివాడు నీటిని నిందింపడు. పదిమందియు నొకే దినమున బాటించుటచే ఆ నియమము సులభమగుచున్నది. గాంధీమహాత్ముడు సోమవారములందు మౌనము బాటించి, అవసరమైనచో కాగితముపై వ్రాసి చూపెడివాడు. వచ్చువారును ఆ నియమము నెరిగియుండుటచే అది నిలిచినది.

హైదరాబాదున నాగార్జునసాగరము త్రోవలో 1976లో నెలకొన్న ధమ్మఖేత్త యను విపశ్యనా కేంద్రము గలదు. పదిదినముల శిక్షణకు వచ్చువారు సెల్‌ఫోనును అప్పగించి మౌనముగ నుందురు. అయినను పదునొకండవ దినమున ఇల్లు చేరినవానిని పాత పిలుపులే చుట్టుముట్టును. సెల్‌ఫోను ఇరువురి నడుమ త్రాడు. ఒక కొన విడిచినను రెండవ కొన లాగుచునే యుండును.

మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడగావ్ గ్రామస్థులు ఈ చిక్కును గ్రహించిరి. 2022లో వారు ఊరంతటికి నొక నియమము చేసికొనిరి. సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగగనే గంటన్నరసేపు టెలివిజనును సెల్‌ఫోనును కట్టిపెట్టవలెను. పిల్లలు చదువుకొనవలెను, పెద్దలు మాటలాడుకొనవలెను. ఫ్రాన్సులో 2017 నుండి అమలైన శాసనము, 50 మందికి తక్కువ గాని సంస్థలు, కొలువువేళ దాటిన పిమ్మట ఉద్యోగికి గల విరామపు హక్కును గూర్చి వారితో చర్చింపవలెనని విధించినది. పల్లెలో సైరను చేసిన పనినే అచ్చట శాసనము చేయబూనినది.

పెద్దలారా, పుప్పాలగూడ మేడలలోని కొలువువేళలను మీరు మార్పజాలరు. మీ యూరి సాయంకాలము మాత్రము మీ చేతిలోనిదే. పంచాయతీలో గూర్చుండి ఒక గంట నిర్ణయింపుడు. జబ్బు, ప్రసవము, అగ్నిప్రమాదము వంటి యక్కరలకై వీథి కొక సెల్‌ఫోను తెరచియుంచుడు. ఆ వేళను ముందుగా పట్నమందలి బిడ్డలకు దెలుపుడు. మీరు పలుకకున్న వారు కలతపడకుందురు. అన్నిటికంటె ముందు మీ సెల్‌ఫోనును మీరే కట్టిపెట్టుడు. తాత చేతిలో వెలుగుచుండగా మనుమడు విడువడు. ఈ పనికి ఖర్చు లేదు, సర్కారు ఉత్తరువు అక్కరలేదు. ఊరివారి ఒప్పందము చాలును.