సాఫ్ట్‌బాల్: ఒకే బేస్‌పై ఇద్దరు రన్నర్లు

సాఫ్ట్‌బాల్ క్రీడలో బేస్ 15 అంగుళముల చదరపు దిండు. దానిపై నాలుగు పాదములకు చోటు చాలును గాని, నియమావళి ఒక్క రన్నరునకే దానిని ఇచ్చును. బంతి ఆటలో నుండగా ఇద్దరొకే బేస్‌ను తాకియున్నచో, ముందుగా దానిని న్యాయముగ ఆక్రమించినవానిదే హక్కు. రెండవవానిని ఫీల్డరు బంతితో తాకినయెడల అతడు ఔటగును. ఇరువురు నిలిచినంతమాత్రమున ఎవ్వరును ఔట్ కారు. కావుననే అనుభవశాలియైన ఫీల్డరు హక్కెవరిదో తర్కించుచు కాలము పుచ్చక, ఇద్దరినీ తాకి, తీర్పును అంపైరునకు విడిచిపెట్టును. హక్కుదారుడు తానే ఔటైతినని భ్రమపడి బేస్ దిగి నడచిపోవుటయు కలదు. అప్పుడు తాకినచో అతనికిని దిక్కులేదు.

ఈ న్యాయము తలక్రిందులగు సందర్భ మొకటి కలదు. మొదటి బేస్‌పై రన్నరుండగా బ్యాటరు బంతిని నేలబారుగా కొట్టి పరుగిడెనేని, ఆ రన్నరు రెండవ బేస్‌కు కదలక తప్పదు. అతడు వెఱచి అచ్చటనే నిలిచిపోగా బ్యాటరు వచ్చి చేరినచో, వెనుక వచ్చినవానిదే బేస్ యగును. ముందున్నవాడు దానిపై కాలూని యున్నను, బంతి తగిలిన తక్షణమే ఔట్. కాని బ్యాటరు చేరకముందే ఫీల్డరు బంతితో బేస్‌ను త్రొక్కినయెడల, బ్యాటరు ఔటై, నిర్బంధము తొలగి, పాతవాని హక్కు మరల బ్రతుకును. ముందు రన్నరును తాకి పిదప బేస్ త్రొక్కినచో ఇద్దరు పోదురు. ముందు త్రొక్కి పిదప తాకినచో ఒక్కడే పోవును. క్షణకాలపు వరుసలో ఇంత భేదమున్నది!

ఇందుకు తోడు, వెనుక రన్నరు ముందున్నవానిని దాటిపోయినచో బంతి తగులకయే ఔటగును.

ఒకే బేస్‌పై రన్నర్లు గుమిగూడు చిక్కునకు లోకప్రసిద్ధమైన ఉదాహరణము సాఫ్ట్‌బాల్‌ది కాదు, దాని తోబుట్టువైన బేస్‌బాల్‌ది. 1926 ఆగస్టు 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో, బోస్టన్ బ్రేవ్స్ జట్టుపై బ్రూక్లిన్ బ్యాటరు బేబ్ హెర్మన్ కొట్టిన దెబ్బకు, మూడవ బేస్ దాటి వెనుదిరిగిన సహరన్నరు డాజీ వాన్స్‌ను, అప్పుడే వచ్చిచేరిన చిక్ ఫ్యూస్టర్‌ను, తలవంచుకొని పరుగెత్తి వచ్చిన హెర్మన్‌ను ఆ ఒక్క బేస్ ఆకర్షించినది. బేస్ వాన్స్‌కు దక్కినది; తక్కిన ఇద్దరును ఔటైరి. అంతకుముందే గమ్యము చేరిన వారి సహచరుడు హాంక్ డిబెరీ పరుగు మాత్రము లెక్కలో నిలిచినది.