కుంగుబాటు మందులు, ప్రాంతీయ ఆత్మహత్యల రేటు

డిప్రెషన్ మందుల వాడకం పెరిగిన చోట ఆత్మహత్యలు తగ్గుతాయా అన్న చర్చలో తరచూ ప్రస్తావనకు వచ్చేది స్వీడన్‌లోని గాట్లాండ్ దీవి. అక్కడి జనరల్ ప్రాక్టీషనర్లకు 1983-84లో కుంగుబాటును గుర్తించడంలో, చికిత్స చేయడంలో శిక్షణ ఇచ్చారు. మానసిక వైద్యుడు వోల్ఫ్‌గాంగ్ రుట్జ్ ఇందులో ముఖ్యుడు. తర్వాత డిప్రెషన్ మందులు రాయడం పెరిగింది, సెడెటివ్‌లు రాయడం తగ్గింది. లక్ష జనాభాకు 1982లో 19.7గా ఉన్న ఆత్మహత్యల రేటు 1985లో 7.1కి దిగింది. శిక్షణ ఆగి, వైద్యుల్లో చాలామంది దీవి విడిచి వెళ్లాక, 1988 నాటికి రేటు మళ్లీ పాత స్థాయికి చేరువైంది.

ఈ ఫలితాన్ని మందుబిళ్లలకే ఆపాదించడం సరికాదు. అప్పట్లో దీవి జనాభా 60 వేల లోపే. అంత చిన్నచోట కొద్ది మరణాలు తగ్గినా రేటు బాగా మారిపోతుంది. పైగా తగ్గుదల ప్రధానంగా స్త్రీలలోనే కనిపించింది. ప్రాంతం మొత్తానికి లెక్కగట్టిన సగటులు, చనిపోయిన మనిషి మందు వాడాడో లేదో చెప్పలేవు.

మరోవైపు, పిల్లలు, కౌమారుల్లో డిప్రెషన్ మందులు ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చన్న హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో తప్పనిసరి చేసింది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో రోగిని ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. డాక్టరును అడగకుండా మందు ఆపకూడదు. భారతదేశంలో సాయం కావలసినవారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.