మందుకు గడువు తీరే రోజు

మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. పేటెంట్‌కీ అలాంటి తేదీ ఒకటుంటుందనీ, అది దాటిన మర్నాడే చవక మందు షాపులోకి వస్తుందనీ చాలాకాలం అనుకున్నాను. ఇక్కడ అమెరికాలో, నేను వాడే మందుకి జనరిక్ ఎప్పుడొస్తుందని మూడేళ్ళుగా ఫార్మసీలో అడుగుతున్నాను. ప్రతిసారీ “ఇంకా రాలేదు” అనే జవాబే. దరఖాస్తు పెట్టిన తేదీకి ఇరవయ్యేళ్ళు కలిపితే తేలిపోయే లెక్క కదా! ఆ విసుగుతోనే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1984కి ముందు, ఒక మందు పేటెంట్ తీరిపోయినా, వేరే కంపెనీ దాన్ని అమ్మాలంటే సాధారణంగా రోగుల మీద పరీక్షలన్నీ మళ్ళీ చేయాల్సివచ్చేది. ఆ ఏడు వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం, అసలు మందులాగే రక్తంలోకి చేరుతుందని చూపిస్తే చాలంది. బదులుగా, అనుమతి కోసం గడిచిపోయిన కాలానికి అసలు కంపెనీకి కొంత గడువు పెంచింది. ఇంకో మెలిక కూడా పెట్టింది: “మీ పేటెంట్ చెల్లదు” అని అందరికంటే ముందు సవాలు చేసి వచ్చిన కంపెనీకి 180 రోజులపాటు మరో జనరిక్ పోటీ ఉండదు.

ఆ మెలిక సంగతి ప్రొజాక్ విషయంలో బాగా తెలిసింది. ఎలై లిల్లీ వారి ఈ డిప్రెషన్ మందుకి 1987 డిసెంబరులో అనుమతి వచ్చింది. లిల్లీ లెక్కలో పేటెంట్ 2003 డిసెంబరు దాకా ఉంది. బార్ లేబొరేటరీస్ దాన్ని సవాలు చేసింది. పాత పేటెంట్‌లో ఉన్న సంగతినే మళ్ళీ రాసుకున్నారంటూ అప్పీలు కోర్టు 2000 ఆగస్టులో ఆ పేటెంట్ చెల్లదంది. మిగిలింది 2001 ఫిబ్రవరిలో తీరాలి. పిల్లల మీద పరీక్షలు చేసినందుకు చట్టమిచ్చే ఆరు నెలలు కలిపితే ఆగస్టు. అప్పుడు 20 మి.గ్రా. క్యాప్సూల్ బార్ తెచ్చింది. 40 మి.గ్రా.ది మాత్రం హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌ది. 180 రోజుల హక్కు దక్కిన మొదటి భారతీయ కంపెనీ అదే.

హైదరాబాదుకి ఈ విద్య ఎలా అబ్బింది? 1970 నాటి మన పేటెంట్ చట్టం మందు మీద కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే హక్కిచ్చింది. అదే మందుకి వేరే దారి వెతకడం మన కెమిస్టుల పనయింది. బాలానగర్‌లోని ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి, 1984లోనే డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2005 నుంచి ఇక్కడా మందు మీదే పేటెంట్ ఇస్తున్నారు. ఆ పాత వెసులుబాటు పోయింది.

మన ఊరి కంపెనీ గెలిచిందని మొదట సంబరపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఆ 180 రోజులూ ఓ చిన్న గుత్తాధిపత్యమే. పోటీ లేనప్పుడు ధర పెద్దగా ఎందుకు తగ్గుతుంది? అయినా, ఎవరూ సవాలు చేయకపోతే ప్రొజాక్ వాడేవాళ్ళు కనీసం మరో 28 నెలలు ఆగాల్సివచ్చేది.

పోయిన వారం ఎఫ్‌డీఏ వారి ఆరెంజ్ బుక్‌లో నా మందు వెతికాను. ఒక తేదీ ఉంటుందనుకుంటే ఏడున్నాయి. మొదటిది ఎప్పుడో దాటిపోయింది. ఇకమీదట ఫార్మసీలో అడగను. మిగతా ఆరింటినీ ఎవరైనా సవాలు చేశారా అని చూస్తాను.