ఆశకు మార్కులు వేసే కాగితం

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక ప్రశ్నావళి తిరుగుతోంది. పది వాక్యాలకు మార్కులు వేసుకుంటే మీరు ఆశావాదో నిరాశావాదో తేల్చేస్తుందట. ఒక పెళ్లి సంబంధం మాటల్లో బీడీలు చుట్టే ఇంటి పిల్లకు ఇందులో తక్కువ వచ్చాయన్న ప్రస్తావన కూడా వచ్చిందని విన్నాను. అందుకే దీని చరిత్ర రాస్తున్నాను.

1974లో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు, బతుకు మీద ఆశ వదులుకున్న రోగులను గుర్తించడానికి 20 వాక్యాల పరీక్ష తయారుచేశాడు. 1985లో మైఖేల్ షైయర్, చార్లెస్ కార్వర్ మామూలు జనం కోసం ఇంకొకటి చేశారు, 1994లో సవరించి పది వాక్యాలకు కుదించారు. అందులో నాలుగు ఊరికే కలిపినవి, మార్కుల్లోకి రావు. మిగతా ఆరింటిలో మూడు మంచి జరుగుతుందని, మూడు జరగదని. ఒక్కోదానికి 4 చొప్పున మొత్తం 24. ఇంతకు తగ్గితే నిరాశావాది అనే గీత మాత్రం వాళ్లు గీయలేదు. ఎక్కువమందిని పోల్చి చూసే పరిశోధన కోసం చేసిన సాధనం అది. గీత గీసింది ఫార్వర్డ్ చేసేవాళ్లే.

ఇక మాట సంగతి. నేను చదివింది తమిళ మీడియం. అక్కడ ఆశై అంటే కోరిక, నంబిక్కై అంటే మంచి జరుగుతుందన్న ధీమా. మన తెలుగులో రెండిటికీ ఆశ అనే అంటాం. మగ్గం మీద పెద్దాయనను "మీకు ఆశ ఎక్కువేనా?" అని అడిగి చూడండి. "మాకెందుకయ్యా ఆశ, ఉన్నది చాలు" అంటాడు. ఆయన చెప్పింది తృప్తి, కాగితం మీద పడేది నిరాశ.

మన జూనీ మిల్లునే తీసుకోండి. 1949 ఆగస్టులో మూతపడింది. 1950 జనవరిలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి చేతిలోకి తీసుకుంది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకెక్కి ఆ డిసెంబరులో ఓడిపోయాడు. మిల్లు నడిచింది, 1963లో మళ్లీ మూత. అందులో పనిచేసిన మనిషిని 1949 దసరాకు అడిగితే ఒక జవాబు, మరుసటి దసరాకు అడిగితే ఇంకొకటి వచ్చేది కాదా? అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు చెడును ముందే ఊహించుకుని నాలుగు రూపాయలు దాచుకుంటారు. అలా ముందే భయపడి సిద్ధపడేవాళ్లు ఫలితాల్లో వెనకబడరని 1986లో జూలీ నోరెమ్, నాన్సీ కాంటర్ విద్యార్థులను పరీక్షించి చూపించారు.

కాబట్టి పిల్లల మార్కులు గ్రూపులో పెట్టకండి, సంబంధాల్లో అడగకండి. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదంటే మాత్రం కాగితం పక్కన పెట్టి పక్కన కూర్చోండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, ఉచితం.