అటక మీది అక్షరాలు

ఏదైనా పనిని మూలన పడవేస్తే దానిని “అటకెక్కించారు” అంటాము. మా కోనసీమలో మాత్రం ఆ మాటకు మరొక మర్యాద కూడా ఉన్నది. అంబాజీపేట చుట్టుప్రక్కల పాత ఇళ్ళలో అటకెక్కేది కొబ్బరికాయ. ముదురు కాయను ఎనిమిది నెలల నుండి ఏడాది వరకు అటక మీద కదపకుండా ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను విడిచిపెట్టి, ఊపితే గలగలలాడుతుంది. అదే కురిడీ. అటకెక్కి విలువ పెంచుకునే వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

అటువంటి అటక మీద, కురిడీ కాయల ప్రక్కన, మా పెదనాన్నగారి కంప్యూటరు పదిహేనేళ్ళు పడి ఉన్నది. బల్ల మీద లావుపాటి నిఘంటువులా నిలబడే చిన్న డెస్క్‌టాప్ అది. బడిపంతులుగా విరమించిన తరువాత, 2004లో కొన్నారు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసిన తుపాను గురించి, ఊరూరా తిరిగి పెద్దలు చెప్పిన సంగతులను అందులో టైపు చేసుకున్నారు. అచ్చు వేయించకుండానే వెళ్ళిపోయారు. మాటలు చెప్పినవారిలోనూ చాలామంది ఇప్పుడు లేరు.

“ఒరేయ్ అబ్బాయ్, ఆయన రాసినవన్నీ దాన్లోనే ఉన్నాయి కదా, ఓసారి తీసి చూడరాదూ?” అన్నది పెద్దమ్మ. దింపి, దుమ్ము దులిపి, తగుదునమ్మా అని బటను నొక్కాను. దీపం లేదు, చప్పుడు లేదు. పిలిపించిన మరమ్మతు కుర్రవాడు వచ్చీరాగానే నన్ను మందలించాడు. “ఆయ్, ముందా ప్లగ్గు పీకెయ్యండి బాబుగారూ. తడి ఆరకుండా కరెంటిస్తే ఉన్నది కూడా పోద్దండి.”

ఆ తరువాత రెండు రోజులు అతడు చేసిన పని చూస్తూ ఉంటే, ఆ చిన్న పెట్టెలో నాలుగు దశాబ్దాల చరిత్ర పొరలు పొరలుగా ఉన్నదని అర్థమయినది.

మొదటి రోజు అతడు చేసింది ఏమీ లేదు. మూత విప్పి, నీడలో గాలి తగిలేటట్లు ఉంచాడు, అంతే. సముద్రపు గాలిలోని ఉప్పు, గోదావరి కాలువల తేమ కలిసి లోహపు అంచులను తింటాయి. లోపల బల్లి గుడ్లున్నవి, చీమలు పెట్టిన మన్ను ఉన్నది. మెత్తని కుంచెతో తుడిచాడు.

రెండవది కరెంటు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించినది. అంతకుముందు కంప్యూటరు మీట మన ఇంటి స్విచ్చు వంటిదే. నొక్కితే కరెంటు నేరుగా పారేది. ఏటీఎక్స్ వచ్చాక ముందున్న బటను కేవలం ఒక కబురు మాత్రమే పంపుతుంది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ పవర్ సప్లై ఒక ఊదారంగు తీగలో 5 వోల్టులను సిద్ధంగా ఉంచుతుంది. ఆ 5 వోల్టులు లేకపోతే కబురు అందుకునేవారే ఉండరు. మల్టీమీటరుతో చూస్తే మా పెట్టెలో అవి లేవు. పవర్ సప్లై పెట్టెను విప్పబోతే అతడు వారించాడు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును పట్టి ఉంచగలవట. దానిని అలాగే తీసి, మరొకటి బిగించాడు.

ఆ కెపాసిటర్లకూ ఒక కథ ఉన్నది. వాటిలో అల్యూమినియం రేకు మీద పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. కరెంటు పారుతూ ఉంటే ఆ పొర తనను తాను బాగుచేసుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే బలహీనపడుతుంది. దానికి తోడు, 1999 నుండి 2007 వరకు తయారయిన ఎన్నో మదర్‌బోర్డులలో లోపలి ద్రవం నాసిరకంగా ఉన్న కెపాసిటర్లు చేరాయి. అవి నెత్తి ఉబ్బి, పగిలి, గోధుమరంగు జిగురు కార్చేవి. ఆ కాలపు కంప్యూటరును తెరిస్తే ముందుగా వాటి నెత్తులు చూడాలి. మా అదృష్టం, అవి చదునుగానే ఉన్నాయి.

మూడవది గడియారం. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీకి కాలజ్ఞానం లేదు. మీట వేసినప్పుడల్లా తేదీని మనిషే చెప్పాలి. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీలో మోటరోలా వారి గడియారపు చిప్పునూ, దానికొక బ్యాటరీనీ అమర్చారు. తరువాతి రోజులలో బోర్డుకే అతికించిన నికెల్-కాడ్మియం బ్యాటరీలు కారి, చుట్టూ ఉన్న రాగి తీగలను కొరికివేసేవి. వాటి స్థానంలో నాణెం వంటి లిథియం బిళ్ళ వచ్చినది. సీఆర్2032 అన్న పేరులోనే దాని కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు ఉండవలసిన మా బిళ్ళలో ఒక వోల్టు కూడా మిగలలేదు. కొత్తది పెట్టి మీట నొక్కితే ఈసారి పంకా తిరిగినది గాని, కూత మాత్రం ఆగలేదు. అది మెమొరీ అందడం లేదన్న ఫిర్యాదు. ర్యాము పలకలను తీసి, వాటి బంగారు అంచులను పిల్లల పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటిగా పెట్టాడు. తెర వెలిగినది. తేదీ 2003 జనవరి 1.

సంతోషపడబోతే అతడు వెంటనే ఆపివేసి, హార్డ్ డిస్కును ఊడదీశాడు. “ఇంకోసారి లేత్తాదో లేదో తెలీదండి. ముందు నకలు తీసుకోండి.” డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, దాని మీద ఏమీ వ్రాయకుండా, ఉన్నదంతా దించాడు. ఫైళ్ళన్నీ వచ్చాయి.

తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, చుక్కలు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని, “ఇదేం భాషరా?” అన్నది.

యంత్రం లేచినది, అక్షరం లేవలేదు. ఇది యంత్రపు లోపం కాదు, మన లిపి చరిత్ర. ఆ రోజుల డీటీపీ ఖతులలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలోనే తెలుగు గుణింతపు ముక్కలను కూర్చేవారు. అను, శ్రీలిపి వంటివి పత్రికలకూ శుభలేఖలకూ ఎంత సేవ చేశాయో చెప్పనక్కరలేదు. కాని ఎవరి కూర్పు వారిదే. ఖతి దగ్గర లేకపోతే వ్రాసినది చదవలేము. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండాలని ఇస్కీ ప్రమాణం 1988లో రూపొంది, 1991లో భారతీయ ప్రమాణమయినది. దాని ఆధారంగానే 1991లో యూనికోడ్ తొలి కూర్పు తెలుగుకు 128 గళ్ళు కేటాయించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చినది. 2006లో లేఖిని వచ్చాక సామాన్యుడు కూడా యూనికోడ్ తెలుగును సులువుగా వ్రాయగలిగాడు. పెదనాన్నగారు 2004లో వ్రాయడం మొదలుపెట్టారు. ప్రమాణం అప్పటికే ఉన్నది, అది అంబాజీపేట దాకా రాలేదు.

ఆయన పాత సీడీల సంచిలో ఆ ఖతి దొరకబట్టి బ్రతికాము. ఏ గుర్తుకు ఏ అక్షరమో పట్టిక వేసుకుని, మార్చి, తప్పులు దిద్దడానికి నాకు మూడు నెలలు పట్టినది.

ఆ మూడు నెలలూ నాకు సి.పి. బ్రౌను (1798–1884) పదే పదే గుర్తుకు వచ్చాడు. మచిలీపట్నంలోనూ, మా ప్రక్కనున్న రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన ఆ దొర తాళపత్రాలను సేకరించి ఊరుకోలేదు. పండితులనూ వ్రాయసకాండ్రనూ కూర్చోబెట్టి, ప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. తాటాకు కూడా అటక మీద భద్రంగా ఉన్నట్లే ఉండి, పురుగు తిని, పెళుసెక్కి పోతుంది. ప్రతి రెండు మూడు తరాలకు ఎవరో ఒకరు ఎత్తి వ్రాయబట్టే మన కావ్యాలు మనదాకా వచ్చాయి. దాచినందువలన కాదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినది. ఆ కారణంగా మరెన్నో చిన్న కంప్యూటర్లు అటకెక్కుతాయి. ఎక్కించేముందు దయచేసి లోపలి వ్రాతలను యూనికోడులోకి మార్చి, రెండు చోట్ల నకలు పెట్టుకోండి. ఇప్పటికే ఎక్కినది ఉంటే, బటను నొక్కవద్దు. ముందు ఆరనివ్వండి.

పెదనాన్నగారి వ్రాత కాగితం మీద నూటపన్నెండు పుటలు వచ్చినది. పెద్దమ్మ రోజుకు రెండు పుటలు చొప్పున బయటికి చదువుకుంటున్నది. నిన్న ఫోనులో, “ఒరేయ్, నలభయ్యో పుటలో మా పుట్టింటి తోట సంగతి రాశారు. నాకెప్పుడూ చెప్పలేదురా,” అన్నది.