మోజెల్ లోయలో ఏ ఊళ్లో దిగాలి? రైలు ఎందుకు అన్ని ఊళ్లకీ వెళ్లదు?

ఈ ఎపిసోడ్ ఒక ట్రావెల్ ప్రశ్నతో మొదలవుతుంది. కానీ మన ఛానెల్ సంగతి మీకు తెలుసు కదా, ఎక్కడ మొదలుపెట్టినా చివరికి హిస్టరీలోనే తేలతాం.

జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్లు, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు మన వ్యూయర్స్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, మూడు నాలుగు రోజులు సెలవు దొరికింది. మోజెల్ లోయ చూద్దామనుకుంటున్నాం. కారు లేదు. ఏ ఊళ్లో రూమ్ తీసుకుంటే మంచిది?"

చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. రైలు ఆగే ఊళ్లో ఉండండి. ట్రియర్, లేదంటే కొఖెమ్. సింపుల్‌గానే ఉంది, తప్పు కూడా కాదు. అయితే ఒక ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రైలు ఆ ఊళ్లోనే ఎందుకు ఆగుతుంది? పక్క ఊళ్లో ఎందుకు ఆగదు? దీనికి జవాబు తెలిస్తే మీ ప్లాన్ మారినా మారొచ్చు.

ఒకసారి ఫోన్‌లో మ్యాప్ తెరవండి. మోజెల్ నది ఫ్రాన్స్‌లో పుట్టి, లక్సెంబర్గ్ అంచున పారి, జర్మనీలోకి వచ్చి కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు వంద కిలోమీటర్లు. నది మాత్రం పాములా మెలికలు తిరిగి దాదాపు దానికి రెట్టింపు దూరం వెళ్తుంది. రెండు వైపులా నిటారు కొండలు, వాటి మీద ద్రాక్షతోటలు.

ఇప్పుడు రైలు గీత చూడండి. కోబ్లెంజ్ నుంచి కొఖెమ్ దాకా నది పక్కనే వస్తుంది. అక్కడ నది ఇరవై కిలోమీటర్లకు పైగా పెద్ద చుట్టు తిరుగుతుంది. రైలుకి అంత ఓపిక లేదు. నేరుగా కొండలోకి దూరి, 4.2 కిలోమీటర్ల సొరంగంలోంచి అవతల ఎల్లర్ దగ్గర తేలుతుంది. తర్వాత బుల్లాయ్. అది దాటిన కాసేపటికే నదిని పూర్తిగా వదిలేసి, విట్లిఖ్ మీదుగా ట్రియర్ వైపు వెళ్లిపోతుంది. మధ్యలో పీస్‌పోర్ట్, బెర్న్‌కాస్టెల్ లాంటి పేరున్న వైన్ ఊళ్లున్నాయి. అక్కడికి రైలు లేదు.

ఎందుకంటే ఆ రైలు ఈ లోయ కోసం వేసింది కాదు.

1871లో ఫ్రాన్స్‌ని ఓడించి జర్మనీ అల్సాస్‌ని, లొరెయిన్‌లో కొంత భాగాన్ని లాక్కుంది. అందులో మెట్స్ అనే పెద్ద కోట నగరం ఉంది. మళ్లీ యుద్ధం వస్తే బెర్లిన్ నుంచి మెట్స్‌కి సైన్యాన్ని, ఫిరంగుల్ని వేగంగా తరలించాలి. దానికోసం వేసిన లైన్ ఇది. జర్మన్లు దీన్ని ఇప్పటికీ "ఫిరంగి రైలు మార్గం" అనే అంటారు. కోబ్లెంజ్, ట్రియర్ మధ్య భాగం 1879లో మొదలైంది. మిలిటరీ ఇంజనీర్‌కి కావాల్సింది దగ్గరి దారి. బెర్న్‌కాస్టెల్‌లో రైతు పీపాలు ఎలా మోసుకెళ్తాడన్నది అతని సమస్య కాదు.

తర్వాత లోయవాళ్లకి వేరే చిన్న రైలు వచ్చింది. 1903 నుంచి 1905 మధ్య ట్రియర్ నుంచి బుల్లాయ్ దాకా, నది ఒడ్డునే ఊరూరా ఆగుతూ వెళ్లే లైన్ వేశారు. జనం దానికి ముద్దుగా పెట్టిన పేరుకి మన భాషలో అర్థం, తాగుబోతుల చిట్టి రైలు! 1960లలో అది మూతపడింది. ఫిరంగుల కోసం వేసిన లైన్ మిగిలింది, మనుషుల కోసం వేసిన లైన్ పోయింది. మీరు "రైలు ఆగే ఊరు" అని ఫిల్టర్ పెట్టినప్పుడు, 1870లలో ఆర్మీ పెట్టిన ఫిల్టర్‌నే మళ్లీ వాడుతున్నారన్నమాట.

సరే, ఇప్పుడు ఒక్కో ఊరూ చూద్దాం. ప్రతి ఊరికీ ఒకటే ప్రశ్న వేద్దాం. ఇక్కడ కనిపిస్తున్నది ఎవరు కట్టారు, ఎవరి డబ్బుతో?

మొదట ట్రియర్. ఇది సామ్రాజ్యం కట్టిన ఊరు. క్రీస్తుకి ముందే రోమన్లు ఇక్కడ నగరం మొదలుపెట్టారు. పోర్టా నీగ్రా అనే నల్లటి రాతి కోటద్వారం సుమారు క్రీ.శ. 170 నాటిది. నాలుగో శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఇక్కడి నుంచే పాలించాడు. ఆయన దర్బారు హాలు 67 మీటర్ల పొడవు, 33 మీటర్ల ఎత్తు. లోపల ఒక్క స్తంభం ఉండదు. ఇప్పుడది చర్చి. అక్కడి మ్యూజియంలో ఒక రాతి పడవ ఉంటుంది, తప్పకుండా చూడండి. తెడ్లు వేసే మనుషులు, మధ్యలో వైన్ పీపాలు. సుమారు 220 నాటి సమాధి శిల్పం, దొరికింది నదికి కిందివైపున నోయ్‌మాగెన్‌లో. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఈ నది మీద వైన్ వ్యాపారం ఏ స్థాయిలో ఉండేదో ఆ రాయి చెప్తుంది.

ఒక్క రోజే ఉంటే ట్రియర్ చాలు. కానీ అది నగరం. సాయంత్రం కిటికీ తీస్తే ద్రాక్షకొండ కనపడాలంటే ఇక్కడ కష్టం.

రెండోది కొఖెమ్. ఇన్‌స్టాలో మోజెల్ అని కొడితే వచ్చే కొండ మీది కోట ఇక్కడిదే. మధ్యయుగాల కోట అనుకుంటాం కదా? అసలు కోటని 1689లో పద్నాలుగో లూయీ సైన్యం పేల్చేసింది. దాదాపు 180 ఏళ్లు శిథిలంగానే ఉంది. 1868లో లూయీ రావెనే అనే బెర్లిన్ వ్యాపారి ఆ శిథిలాల్ని కొని, తన వేసవి విడిది కోసం మళ్లీ కట్టించాడు. 1877కి పూర్తయింది. రెండేళ్లకి రైలు వచ్చింది. అంటే మీరు ఫొటో తీసేది చాలావరకు ఒక నగర వ్యాపారి మధ్యయుగాలు ఇలా ఉండుంటాయని ఊహించుకున్న బొమ్మని. అందంగా లేదని కాదు. ఆ అందం ఎవరిదో తెలిసి చూడండి అంటున్నా.

కొఖెమ్‌లోనే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చే ఇంకో చోటు ఉంది. కోల్డ్ వార్ రోజుల్లో శత్రువులు దొంగనోట్లతో పశ్చిమ జర్మనీని ముంచెత్తితే ఎలా అని భయపడి, సెంట్రల్ బ్యాంకు ఇక్కడ ఇళ్ల కింద రహస్య బంకర్ కట్టించింది. 1,500 కోట్ల డొయిచ్ మార్కుల విలువైన ప్రత్యామ్నాయ కరెన్సీ అందులో దాచారు. పక్కింటివాళ్లకి కూడా తెలియదు. మన భాషలో డిజాస్టర్ రికవరీ సైట్! ఇప్పుడది మ్యూజియం.

కానీ కొఖెమ్‌కి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఇంకో భూగర్భ కథ ఉంది. దాన్ని ఎవరూ రీల్స్‌లో పెట్టరు. బ్రుట్టిగ్, ట్రైస్ ఊళ్ల మధ్య, ఎప్పుడూ రైలు నడవని ఒక సొరంగం ఉండేది. 1944లో నాజీలు దాన్ని భూగర్భ ఫ్యాక్టరీగా మార్చాలనుకున్నారు. ఆ పని కోసం నాట్స్‌వైలర్ కాన్సంట్రేషన్ క్యాంపుకి అనుబంధంగా ఇక్కడ క్యాంపులు పెట్టి, ఖైదీల చేత చాకిరీ చేయించారు. చాలామంది ప్రాణాలు పోయాయి. ఇదే నది, ఇవే కొండలు. కోట చూసిన రోజున ఈ సంగతి కూడా గుర్తుండాలని చెప్తున్నాను.

మూడోది, రైలు పక్కన పెట్టేసిన బెర్న్‌కాస్టెల్-కూస్. నదికి అటొక ఊరు, ఇటొక ఊరు. 1905లో రెండూ కలిసిపోయాయి. బెర్న్‌కాస్టెల్ వైపు పాత చెక్క ఇళ్లు, సందులు, టూరిస్టులు. అందరూ అక్కడే తిరుగుతారు. నేను వంతెన దాటి కూస్ వైపు వెళ్లమంటాను.

1401లో అక్కడ పడవల వ్యాపారం చేసే ఇంట్లో ఒక పిల్లాడు పుట్టాడు. పేరు నికొలాస్. పెద్దయ్యాక కార్డినల్ అయ్యాడు, తత్వవేత్త అయ్యాడు. విశ్వానికి భూమి కేంద్రం కాదని కోపర్నికస్ కంటే వందేళ్ల ముందు రాసిన మనిషి. అంతటివాడు సొంత ఊరికి ఏం చేశాడంటే, 1458లో ఒక ఆశ్రమం పెట్టాడు. యాభై దాటిన 33 మంది పేద మగవాళ్లకి నీడ, తిండి. క్రీస్తు బతికిన ఏళ్లు 33 అని ఆ లెక్క. ఖర్చు నడవడానికి ద్రాక్షతోటలు, పొలాలు రాసిచ్చాడు. 1464లో ఇటలీలో చనిపోయాడు. శరీరం రోమ్‌లో ఉంది. గుండెని మాత్రం తెచ్చి ఇక్కడి ప్రార్థనాలయంలో పెట్టారు.

ఆ ఆశ్రమం ఇప్పటికీ వృద్ధాశ్రమమే. అయిదున్నర శతాబ్దాలు దాటింది. ఎన్నో యుద్ధాలు వచ్చాయి, రాజ్యాలు మారాయి. అక్కడ ముసలివాళ్లకి భోజనం మాత్రం ఆగలేదు. లోయలో వైన్ డబ్బు చక్రవర్తికో వ్యాపారికో కాకుండా, ఏ దిక్కూ లేనివాడికి వెళ్లిన చోటు ఇది.

ఇంతకీ ఆ వైన్ పండించినవాళ్ల సంగతేంటి? దానికి మళ్లీ ట్రియర్ మనిషి దగ్గరికి వెళ్లాలి. కార్ల్ మార్క్స్. 1818లో ట్రియర్‌లో పుట్టాడు, ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కానీ మార్క్స్‌కీ ఈ ద్రాక్షకొండలకీ ఉన్న లింక్ చాలామందికి తెలియదు.

1815లో ఈ ప్రాంతం ప్రష్యా చేతికి వచ్చింది. బయటి వైన్ మీద సుంకాలు ఉండడంతో ప్రష్యా మార్కెట్ అంతా మోజెల్ రైతుదే అయింది. ధర బాగుంది. అప్పులు తెచ్చి మరీ కొత్త తోటలు వేశారు. తర్వాత ఇతర జర్మన్ రాజ్యాలతో ఒప్పందాలు జరిగాయి. 1834లో చాలా జర్మన్ రాజ్యాలు కలిసి కస్టమ్స్ యూనియన్ పెట్టాయి. దక్షిణాది వైన్ వచ్చి పడింది. ధర కుప్పకూలింది. పన్ను తగ్గలేదు, అప్పు తీరలేదు. మిర్చికి రేటుందని అందరూ మిర్చే వేసి, పంట చేతికొచ్చేసరికి రేటు పడిపోయిన ఏడు ఎలా ఉంటుందో మన ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. అదే కథ.

ఈ గోడు ఒక పత్రికలో వస్తే, గవర్నర్ స్థాయి అధికారి "రుజువులు చూపించండి" అని గద్దించాడు. ఆ పత్రిక ఎడిటర్ వయసు 24. అతనే మార్క్స్. 1843 జనవరిలో రుజువులతో జవాబు రాశాడు. అతని పాయింట్ ఇది: అధికారి చెడ్డవాడు కానక్కర్లేదు. కానీ రైతు బాధ పడుతున్నాడని ఒప్పుకుంటే తన పాలన తప్పని ఒప్పుకున్నట్టే. అందుకే అతనికి ఆ బాధ కనపడదు. అదే నెలలో పత్రికని మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. మార్చి ఆఖరుకి మూతపడింది. తను ఆర్థిక విషయాల వైపు మళ్లడానికి కారణమైన వాటిలో మోజెల్ రైతుల పరిస్థితి ఒకటని 1859లో మార్క్సే రాసుకున్నాడు.

ఆ కష్టం ఎలాంటిదో చూడాలంటే ఎల్లర్ స్టేషన్‌లో దిగి, బ్రెమ్ ఊరి వైపు కాల్మోంట్ కొండ బాట పట్టండి. కొన్నిచోట్ల వాలు సుమారు 65 డిగ్రీలు. యూరప్‌లో అత్యంత నిటారు ద్రాక్షతోటల్లో ఒకటి. ట్రాక్టర్ ఎక్కదు. ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి, మిగతాదంతా చేతిపని. చదును నేల తోటతో పోలిస్తే పని గంటలు కొన్ని రెట్లు. అందుకే చాలా తోటలు బీడు పడ్డాయి కూడా. ఒక్కసారి ఆ బాటలో నడిస్తే, గ్లాసు ధర ఎక్కువనిపించదు.

ఇక ఫైనల్ జవాబు. ఒక్క రోజైతే ట్రియర్. రెండు రోజులు, లగేజీ ఎక్కువ, బస్సులు మారే ఓపిక లేదు అంటే కొఖెమ్. కానీ ఒక పూట ఎల్లర్‌కి కేటాయించండి. మూడు రాత్రులు ఉంటే నా ఓటు బెర్న్‌కాస్టెల్-కూస్‌కే. విట్లిఖ్ మెయిన్ స్టేషన్‌లో దిగి బస్సు ఎక్కాలి. డొయిచ్‌లాండ్ టికెట్ ఉంటే లోకల్ రైళ్లకీ బస్సులకీ అదే చాలు. రైలే కావాలంటే మధ్యేమార్గం ట్రాబెన్-ట్రార్బాఖ్. బుల్లాయ్ నుంచి చిన్న బ్రాంచ్ లైన్ ఉంది. 1900 ప్రాంతంలో వైన్ వ్యాపారులు డబ్బు చేసుకుని కట్టించుకున్న భవనాలు, ఊరి కింద సెల్లార్లు అక్కడ చూడొచ్చు.

చివరగా ఒక్క మాట. ఏ ఊరైనా సరే, వీలైతే ద్రాక్షరైతుల ఇంట్లో గది తీసుకోండి. లోయ అంతటా చాలా కుటుంబాలు గదులు అద్దెకిస్తాయి. కొందరు ఏడాదిలో కొన్ని నెలలు ఇంటి ముంగిట్లోనే చిన్న వైన్ షాపు తెరిచి, సొంత సరుకు పోస్తారు. తాగే అలవాటు లేదా? ద్రాక్షరసం అడగండి, అదీ అదే కొండది. చక్రవర్తి వచ్చాడు, ఆర్మీ వచ్చింది, బెర్లిన్ వ్యాపారి వచ్చాడు. అందరూ లోయ నుంచి తమకి కావాల్సింది తీసుకున్నారు. మనం కూడా బయటివాళ్లమే. కనీసం మన రూమ్ అద్దె అయినా ఆ కొండ ఎక్కేవాళ్ల చేతికి చేరితే బాగుంటుంది.

ఎవరైనా వెళ్లొస్తే ఎక్కడ దిగారో, ఎందుకు దిగారో కింద రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.