వెన్నులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్: నరాలకు ముప్పు ఎక్కడ?

నడుము నుంచి పిక్క దాకా లాగే నొప్పి మాత్రలతో, ఫిజియోథెరపీతో తగ్గనప్పుడు వైద్యులు సూచించే చికిత్సల్లో వెన్నెముకలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి. శస్త్రచికిత్సకు ముందు మెట్టుగా దీనిని పరిగణిస్తారు. సాధారణంగా రోగి అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. అత్యధికులకు తీవ్రమైన హాని ఏమీ జరగదు. అయితే అరుదుగా తలెత్తే నరాల సమస్యలు కొన్ని గంటల్లోనే శాశ్వత వైకల్యానికి దారితీయగలవు. అందువల్ల ప్రమాదం ఎలా సంభవిస్తుందో, ఏ లక్షణాలను ఉపేక్షించకూడదో తెలుసుకోవడం అవసరం.

ఈ చికిత్సకు శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. 1901లో పారిస్‌లో సికార్, కాతెలాఁ అనే ఇద్దరు వైద్యులు వెన్నెముక అడుగున ఉండే రంధ్రం ద్వారా కొకైన్ ద్రావణాన్ని ఎక్కించే పద్ధతిని వేర్వేరుగా ప్రకటించారు. దానికి స్టెరాయిడ్ తోడైంది 1950వ దశకం తొలినాళ్లలో. నేడు మందును మూడు మార్గాల్లో పంపుతున్నారు: వెన్నెముక అడుగు నుంచి, రెండు పూసల వెనుక భాగాల మధ్య నుంచి, లేదా నరం బయటకు వచ్చే పక్క రంధ్రం గుండా. మూడో మార్గంలో మందు వాపు ఉన్న నరం పక్కకే చేరుతుంది. నడుము భాగంలో పక్షవాతానికి దారితీసిన కేసులు ఎక్కువగా ముడిపడి ఉన్నదీ ఈ మార్గంతోనే.

వెన్నుపాము పెద్దవారిలో మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందకు గుర్రపు తోకలా విడివడిన నరాల కట్ట మాత్రమే ఉంటుంది. సూది గుచ్చేది తరచుగా నాలుగో, ఐదో పూసల దగ్గర. మరి వెన్నుపామును తాకే అవకాశమే లేని చోట వేసిన సూది వల్ల కాళ్లు ఎలా చచ్చుబడతాయి?

జవాబు నరంలో లేదు, రక్తనాళంలో ఉంది. వాడుక తెలుగులో ఈ రెంటికీ ‘నరం’ అనే మాటే సరిపోతుంది. సెలైన్ పెట్టేటప్పుడు దొరకనిదీ నరమే, కాలిలో జివ్వుమని లాగేదీ నరమే. అందువల్ల ‘సూది నరానికి తగిలింది’ అని రోగి బంధువులు అన్నప్పుడు ఏది దెబ్బతిన్నదో తెలియదు. వైద్యం దృష్ట్యా ఈ తేడా చాలా ముఖ్యం. సూది మొన నరాన్ని తాకితే కాలిలోకి విద్యుత్ షాక్ లాంటి నొప్పి పాకుతుంది. రోగి మెలకువగా ఉంటే వెంటనే చెప్పగలడు, వైద్యుడు సూదిని వెనక్కు తీయగలడు. సూది ధమనిలోకి వెళితే అలాంటి హెచ్చరిక ఉండకపోవచ్చు.

వెన్నుపాము దిగువ భాగానికి రక్తం అందించే ప్రధాన ధమనికి ఆడంకీవిచ్ అనే పోలిష్ వైద్యుని పేరు పెట్టారు. ఇది ఎక్కువమందిలో ఎడమ పక్కన, ఛాతీ వెనుక భాగపు చివరి పూసల వద్ద లోపలికి ప్రవేశిస్తుంది. కొందరిలో మాత్రం నడుము పూసల దాకా దిగి, నరం వెలువడే రంధ్రంలోంచే వెళుతుంది. మిథైల్ ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినొలోన్ వంటి స్టెరాయిడ్లు ద్రవంలో కరగవు. సన్నని రేణువులుగా తేలుతుంటాయి. ఇవి ధమనిలోకి చేరితే గుంపులు కట్టి, వెన్నుపాము లోపలి సన్నని నాళాలను మూసివేస్తాయి. మెదడుకు పక్షవాతం వచ్చినట్టే వెన్నుపాముకూ వస్తుంది. డెక్సామెథసోన్ రేణువులు లేని ద్రావణం కాబట్టి ఈ ముప్పు చాలా తక్కువ.

వెన్నెముక ఎపిడ్యూరల్ భాగంలోకి స్టెరాయిడ్లు ఇవ్వడం వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014 ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఆ విషయాన్ని మందుల లేబుళ్లపై ముద్రించాలని ఆదేశించింది. ఈ వినియోగానికి ఆ మందులకు తమ ఆమోదం లేదని కూడా గుర్తుచేసింది. నడుము పక్క రంధ్రం గుండా ఇచ్చేటప్పుడు తొలుత డెక్సామెథసోన్‌నే వాడాలని, ఎక్స్‌రే తెరపై రంగు ద్రవం ఎటు పోతున్నదో చూశాకే మందు ఎక్కించాలని, రోగిని గాఢ మత్తులో ఉంచరాదని వైద్య సంఘాల నిపుణులు 2015లో సిఫారసు చేశారు.

మిగతా ప్రమాదాల తీరు వేరు. సూది లోపలి పొరను చీల్చితే వెన్నుద్రవం కారి, లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పి వస్తుంది; అది చాలావరకు తగ్గిపోతుంది. పొర లోపలికే స్టెరాయిడ్ చేరితే నరాలు అతుక్కుపోయే దీర్ఘకాలిక వాపు రావచ్చు. (సిజేరియన్‌కు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ వేరే మందు, వేరే ఉద్దేశం, దానిని ఈ చర్చలో కలపకూడదు.) రక్తం పలచబడే మందులు వాడేవారిలో రక్తపు గడ్డ ఏర్పడి నరాలను నొక్కివేయవచ్చు. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఏడు రోజుల ముందు ఆపమంటారు. అయితే గుండెలో స్టెంట్ ఉన్నవారు హృద్రోగ వైద్యుడిని అడగకుండా సొంతంగా ఆపడం మరో ప్రాణాపాయం. మధుమేహం ఉన్నవారిలో ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర స్థాయి పెరుగుతుంది.

స్టెరాయిడ్‌తో పాటు మొద్దుబార్చే మందు కలిపితే కాళ్లు కొద్ది గంటలు బలహీనంగా అనిపించవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: ‘మత్తు దిగలేదు’ అనుకుంటూ ఇంటివద్ద తెల్లవార్లూ వేచి చూస్తారు. బలహీనత గంటగంటకూ పెరుగుతున్నా, తగ్గి మళ్లీ వచ్చినా, మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా అది మత్తు కాదనే భావించి అప్పటికప్పుడు ఎంఆర్‌ఐ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాలి. రక్తపు గడ్డ విషయంలో 8 నుంచి 12 గంటల్లోపు శస్త్రచికిత్స జరిగితే కోలుకునే అవకాశం మెరుగు. కొన్ని రోజుల తర్వాత జ్వరంతో నడుము నొప్పి పెరిగితే చీము చేరి ఉండవచ్చు.

ఇంత ముప్పుకు తగిన ఫలితం ఉందా? కాలిలోకి లాగే తీవ్రమైన సయాటికాలో కొన్ని వారాల ఉపశమనం కలుగుతుంది, అది కూడా స్వల్పమే. కాలికి పాకని వట్టి నడుము నొప్పికి వెన్ను ఇంజెక్షన్లు ఇవ్వవద్దని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లో స్పష్టం చేసింది. వెన్నుకాలువ ఇరుకైన 400 మందిపై జరిపి 2014లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, మొద్దుబార్చే మందు ఒక్కటే ఇచ్చినవారికీ, స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవారికీ ఆరు వారాలకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నడుము నొప్పి ఉన్న ప్రతివారికీ సూది వేసే ధోరణికి ఈ ఆధారాలు మద్దతివ్వవు.

చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు వివరించిన తర్వాతే సమ్మతి పొందాలని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. ఏ స్టెరాయిడ్, ఏ మార్గం, ఎక్స్‌రే తెర సాయం ఉంటుందా అని అడగడం ఆ హక్కులో భాగమే. మందు పేరు, బ్యాచ్ సంఖ్య రాయించి తెచ్చుకోవడమూ ఉపయోగకరం. 2012లో అమెరికాలోని ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వెలువడిన మూడు బ్యాచ్‌ల స్టెరాయిడ్‌లో బూజు చేరి, 20 రాష్ట్రాల్లో 753 మంది ఇన్ఫెక్షన్ల బారిన పడ్డారు. వారిలో 64 మంది మరణించారు. ఆ బ్యాచ్‌ల ఇంజెక్షన్లు తీసుకున్న సుమారు 14 వేల మందిని అధికారులు వెతికి పట్టుకోగలిగింది ఆసుపత్రుల రికార్డుల్లోని ఇటువంటి వివరాల ఆధారంగానే.